అమ్మాయ్, ఆమేన్ అను

పోయిన నెలలో ఒక ఉదయం మా అత్తయ్యగారు వెళ్ళిపోయారు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఇప్పటికీ ఆ మాట చెప్పలేక ఫోన్ మా ఆయన చేతికి ఇచ్చేస్తున్నాను. "ప్రభువునందు నిద్రించారు" అని మావాళ్ళు ఫ్లెక్సీ మీద వేయించారు. ఆ ఫ్లెక్సీలో ఫొటో ఆవిడలా లేనే లేదు. నోరు మూసుకుని ఉంది. మా అత్తయ్యగారిని నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళు మొగల్తూరు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

ఆ ఉదయం ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. లేచారు, తల దువ్వుకున్నారు, టీ తాగి వరండాలో తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను వంటింట్లో ఇడ్లీ పిండి కలుపుతున్నాను. "తండ్రీ" అని మొదలుపెట్టడం విన్నాను. తర్వాత సణుగుడు. రోజూ వినేదే కాబట్టి మాటలు పట్టించుకోలేదు. ఆ సణుగుడు అయ్యాక ఒక కేక రావాలి: "అమ్మాయ్, ఆమేన్ అను!" ఆ కేక కోసం ఒక చెవి అటే పెట్టి రేకులు సర్దాను. ఆమేన్ నా నోట్లో సిద్ధంగానే ఉంది. కేక రాలేదు. గ్లాసు తెచ్చుకుందామని వెళ్ళి చూస్తే తల కొంచెం పక్కకి వాలి ఉంది. గుండె ఆగింది, నొప్పి కూడా తెలిసి ఉండదమ్మా అన్నారు డాక్టరుగారు. అందరూ ఎంత మంచి చావు అన్నారు. నిజమే. నాకు మాత్రం ఒకటే పట్టుకుంది. ఆవిడ ఆఖరి ప్రార్థనకి ఆమేన్ పడలేదు.

ఇదో పెద్ద గొడవా అనుకుంటారేమో. ఆవిడ సంగతి తెలిస్తే అలా అనరు.

మా అత్తయ్యగారి ప్రార్థనకి ఒక చట్టం ఉండేది. మనం చేసిన ప్రార్థనకి మనమే ఆమేన్ అనేసుకుని లేచిపోకూడదు. పక్కన ఇంకొక్క మనిషైనా అనాలి. "నా ఒక్కదాని మాటైతే అందులో నా స్వార్థం ఎంతుందో నాకేం తెలుసుద్ది? ఇంకొకళ్ళు అవునంటే అప్పుడది ఇద్దరి మాట" అనేవారు. పాస్టరుగారు ఒకసారి, "అలాగని ఎక్కడా లేదమ్మగారూ" అని నవ్వుతూ చెప్పబోయారు. "లేకపోతే మాత్రం తప్పేంటండి?" అన్నారు ఈవిడ. ఆవిడతో వాదించడం ఎవరి తరం!

అందుకని ఆమేన్ కోసం ఎవరు దొరికితే వాళ్ళని పట్టుకునేవారు. ఎక్కువగా నేనే దొరికేదాన్ని. ఒకసారి నేను ఇంట్లో లేనప్పుడు గ్యాస్ బండ తెచ్చినాయన్ని ఆపేశారట. "దేనికండీ?" అని ఆయన బెదిరిపోయాడు. "మీ మోకాళ్ళ నొప్పికేనండి. మెట్లెక్కేటప్పుడు చూశాను." "అయితే ఆమేనండీ" అని గుమ్మంలోనే బండ దించి మరీ అన్నాడట. ఆ తర్వాత బండ తెచ్చిన ప్రతిసారీ తనే అడిగేవాడు, ఇవాళేమన్నా ఉందాండీ అని.

నేనైతే దేనికో తెలియకుండానే అనేసేదాన్ని. పోపు వేస్తూ, పాల ప్యాకెట్ కత్తిరిస్తూ, "ఆమేన్!" అని ఒక అరుపు అరిచి నా పనిలో పడేదాన్ని. ఒకరోజు అలాగే అన్నాను. వరండాలోంచి నవ్వు వినపడింది. అనుమానం వచ్చి బయటికెళ్ళి, "ఏమడిగారండీ?" అన్నాను.

"నీ కోపం కాస్త తగ్గించమని."

"నా కోపం సంగతి నన్ను అడక్కుండా ఆయన్ని అడుగుతారా?"

"ఆమేన్ అనేశావుగా, ఇంకేంటి!"

ఆ పూటంతా గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. ఆ ప్రార్థన ఏమైందని మా ఆయన అప్పుడప్పుడూ అడిగేవారు. ఆధార్ సెంటర్లో చెప్పినట్టు, "ప్రాసెస్‌లో ఉందిరా" అనేవారు ఆవిడ.

పోయినవాళ్ళ గురించి అన్నీ మంచే చెప్పాలంటారు గానీ, ఆవిడేం దేవదూత కాదు. చేపలమ్మే ఆవిడతో పీకలదాకా పోట్లాడేవారు. మొప్పలు ఎత్తి చూసి, "ఇది నిన్నటిదేనా, పోయిన ఆదివారందా?" అనేవారు. ఆమె బుట్ట నెత్తినెత్తుకుని తిట్టుకుంటూ సందు తిరిగేలోపు ఈవిడ గొంతు మారిపోయేది. "తండ్రీ, దాని పెద్దకూతురికి నెలలు నిండాయి, చూసుకో" అంటూ చేప పొలుసు గీకేవారు. కళ్ళు మూసుకుని చేసే ప్రార్థన ఒకటీ, కత్తిపీట ముందు చేసేది ఇంకొకటీ అని ఆవిడకి తేడా ఉండేది కాదు. ఒకప్పుడు పొయ్యి దగ్గర కళ్ళు మూసుకుంటే పప్పు అడుగంటి ఇల్లంతా పొగ కమ్మిందట. అప్పట్నుంచి వంటింట్లో కళ్ళు తెరిచే. "మాడిన పప్పు వాసన ఆయనకి మాత్రం నచ్చుద్దా ఏంటి?" అనేవారు. నరసాపురం రోడ్డు మీద అంబులెన్సు మోత వినపడితే మాత్రం ఎంత పనిలో ఉన్నా చెయ్యి ఆగిపోయేది. "ఎవరో ఏమో తండ్రీ, నీకు తెలుసు." అంతే. మళ్ళీ పని.

పొడుగు ప్రార్థనలంటే ఆవిడకి చిరాకు. మా బంధువు ఒకావిడ ఆపరేషనై ఇంటికొస్తే చూడటానికి వెళ్ళాం. అక్కడికి ఎవరో అయ్యగారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. లోకమంతా తిరిగొస్తున్నారు గానీ మంచం దగ్గరికి రావట్లేదు. పాపం పేషెంటు గోడ పట్టుకుని కూర్చుని ఊగిపోతోంది. "అయ్యగారూ, ఆయనకి అర్థమైపోయిందండి. ఆవిణ్ణి పడుకోనివ్వండి. ఆమేన్!" అనేశారు మా అత్తయ్యగారు. గదిలో అందరూ బిక్కచచ్చిపోయారు. పేషెంటు మాత్రం నవ్వింది, కుట్లు నొప్పెడుతున్నా.

ఇలాంటి మనిషి దగ్గరికి నేను కోడలిగా వచ్చే నాటికి నా దగ్గర ప్రార్థన లేదు. పెళ్ళికి ముందు ఏడాది మా అమ్మకి జబ్బు చేసింది. భీమవరంలో ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని నేను బతిమాలని మాట లేదు. అమ్మ దక్కలేదు. ఆ తర్వాత కళ్ళు మూసుకుంటే ఆ వరండా, ఆ ఫినాయిల్ వాసన వచ్చేవి తప్ప మాట వచ్చేది కాదు. దేవుడు లేడని ఎప్పుడూ అనిపించలేదు. ఉన్నాడు. ఏమని పలకరించాలో తెలియలేదు. మాటలు లేని చుట్టంతో ఒకే పెళ్ళి పందిట్లో కూర్చున్నట్టు ఉండేది నాకు.

ఈ ఇంట్లో చూస్తే రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన. పాట, వాక్యం, ఆ తర్వాత గొలుసు ప్రార్థన. అంటే వరసగా ఒకరి తర్వాత ఒకరు తలా నాలుగు మాటలు పైకి అడగాలి. ఆఖర్న అత్తయ్యగారు అందుకుని ముగిస్తారు. నేను వచ్చిన మొదటి సాయంత్రం మా ఆడపడుచు చేసింది, మా ఆయన చేశారు, నా వంతు వచ్చింది. నోరు పెగల్లేదు. ఆడపడుచు కళ్ళు తెరిచి నన్నే చూస్తోందని కళ్ళు మూసుకుని ఉన్నా తెలుస్తోంది. లేచి పారిపోదామా అనుకుంటుండగా మా అత్తయ్యగారు నిండుగా, గట్టిగా "ఆమేన్" అన్నారు. నేనేదో చక్కగా అడిగి ముగించినట్టే. వెంటనే తన వంతు మొదలుపెట్టేశారు.

తర్వాత గిన్నెలు తోముతుంటే పక్కన చేరి కడుగుతున్నారు. ఉండబట్టలేక అడిగాను.

"నేనేం అడగలేదు కదండీ. ఆమేన్ దేనికన్నారు?"

"కూర్చున్నావు కదమ్మా. లేచిపోలేదు కదా. దానికి."

"మాట రావట్లేదండి."

"నీ నోరు పెగల్లేదు, సరే. ఆయన చెవులు బానే ఉన్నాయిగా. మీ అమ్మ గురించేనా?" అన్నారు, గిన్నె వంక చూస్తూనే. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఊరుకో అనలేదు. "కోపమొస్తే కోపంగానే కూర్చో. కూర్చోటం మాత్రం మానకు" అన్నారు.

అలా ఏళ్ళు గడిచాయి. ఆడపడుచు పెళ్ళై వెళ్ళిపోయింది, మాకు పాప పుట్టింది, పాప మాటలు నేర్చి తన వంతు తను చేయడం కూడా మొదలుపెట్టింది. నా వంతు వచ్చేసరికి అదే నిశ్శబ్దం, దానికి అదే నిండు ఆమేన్. ఒకసారి చుట్టాలావిడ, "ఏంటి వదినా, మీ కోడలు ప్రార్థన చెయ్యదా?" అంది నా ఎదుటే. "చేసుద్ది. నీకు వినపడదు, అంతే" అన్నారు మా అత్తయ్యగారు. ఆ ఒక్క మాటకి నేనావిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

ఇక చెరువు సంగతి చెప్పాలి.

చుట్టూ అందరివీ చెరువులైపోతుంటే మా ఆయన కూడా ఊరి చివరి చేను రొయ్యల చెరువు చేయించారు. దాని పక్కన ఒక పెద్దాయన వరి చేను ఉంది. ఆయన శనివారం ఒంటిపూట ఉండి వెంకన్నకి దణ్ణం పెట్టుకునే మనిషి. అత్తయ్యగారు ఆయన్ని అన్నయ్యగారూ అంటారు, ఆ లెక్కన మా ఆయనకి మావయ్య, నాకు పెదనాన్నగారు. వరస కలపడానికి ఆవిడకి మతం ఎప్పుడూ అడ్డం రాలేదు. చెరువులో ఉప్పు నీళ్ళు ఊట దిగి తన చేను పాడైపోతుందని ఆయన భయం. మధ్యలో ఊట నీళ్ళు పోయేలా లోతుగా ఒక బోదె తవ్వించమని అడిగారు. బోదెకి చోటిస్తే గట్టు సన్నబడిపోద్దని మా ఆయన "చూద్దాం మావయ్యగారూ" అంటూ దాటేశారు. చివరికి మాటలు ఆగిపోయాయి. రోజూ మా అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్ళే మనిషి మా వీధిలోకే రావడం మానేశారు.

చెరువులో రొయ్య పిల్లల్ని, అదే సీడుని, వదిలే రోజు వచ్చింది. ముందు గట్టు మీద ప్రార్థన చేయించడం మావాళ్ళలో అలవాటు. ఆ రోజు పాస్టరుగారు ఊళ్ళో లేరు. అమ్మ ఉందిగా అన్నారు మా ఆయన. ఎండెక్కకముందే అందరం గట్టు మీద నిలబడ్డాం. సీడు సంచులు నీళ్ళలో తేలుతున్నాయి. అటు పక్క పెదనాన్నగారు తన చేలో వంగి, మమ్మల్ని చూడనట్టే పని చేసుకుంటున్నారు. చెరువు వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాం. "తండ్రీ" అన్నారు అత్తయ్యగారు. ఆగిపోయారు. ఎంతసేపటికీ మాట లేదు. నా జబ్బు ఈవిడకి గానీ అంటుకుందా ఏంటి అని కళ్ళు తెరిచి చూశాను.

ఆవిడ చెరువుకి వీపు పెట్టి, వరి చేను వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"తండ్రీ, ఈ చేను మా అన్నయ్యగారిది. పచ్చగా ఉంది. పచ్చగానే ఉండాలి. ఇందులోకి ఉప్పు చుక్క దిగకూడదు. అడ్డమొచ్చేది మావాడే. వాడి బుర్ర నువ్వే తిప్పు."

"అమ్మా! చెరువు ఇటుంది" అన్నారు మా ఆయన, పళ్ళు బిగించి.

"తెలుసురా. అటు తిరిగి అడుగుదామంటే మాట రావట్లా. పక్కనాయన బెంగపెట్టుకుని ఉంటే మన రొయ్యల గురించి నేనేమని అడగను?"

"సీడు చచ్చిపోద్దమ్మా, టైమైపోతోంది!"

"అయితే నువ్వే చేసుకో."

సీడు తెచ్చిన వ్యాను డ్రైవరు నవ్వాపుకోలేక అటు తిరిగిపోయాడు. మా ఆయన మొహం కందగడ్డ అయిపోయింది. ఎవరూ ఆమేన్ అనలేదు. అత్తయ్యగారు చేను కేసి చూస్తూ చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆమేన్ పడందే ఆవిడ కదలరని మా అందరికీ తెలుసు. చేలో పెదనాన్నగారు నడుం ఎత్తి చూస్తున్నారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "ప్రభువా, పెదనాన్నగారి చేను కాపాడు. ఆమేన్" అన్నాను.

ఆసుపత్రి వరండా తర్వాత నేను పైకి అడిగిన మొదటి మాట అది. అత్తయ్యగారు నన్ను కావలించుకోలేదు, స్తోత్రం అని అరవలేదు. "హమ్మయ్య, పడింది" అని చెరువు వైపు తిరిగి, "తండ్రీ, వీటిని కూడా చూడు" అని ఒక్క ముక్కలో ముగించేశారు.

మా ఆయన ఆ రోజంతా తల్లితో మాట్లాడలేదు. వారం తిరక్కుండా గట్టు అంచు చెక్కి బోదె తవ్వించారు. "నీ ప్రార్థనకి కాదు, అన్నం పెట్టేటప్పుడు నువ్వు చూసే చూపు భరించలేక" అన్నారు. "ఆయన ఏ దారిన వస్తే నీకెందుకురా" అన్నారు ఆవిడ. పెదనాన్నగారు మళ్ళీ మా అరుగు మీదికి టీకి వచ్చారు. ఇందులో నీతి ఉందనుకునేరు, ఆ పంటకి మా రొయ్యలు అంతంత మాత్రమే. జబ్బొచ్చి పూర్తిగా ఎదక్కుండానే పట్టేయాల్సి వచ్చింది. చేను మాత్రం విరగ పండింది. "ఎటు తిరిగి అడిగితే అటే ఇచ్చాడు చూశావా" అని మా ఆయన ఏళ్ళ తరబడి తల్లిని ఏడిపించారు. "ఈసారి అటు తిరుగుతాలే" అని ఆవిడ కూడా నవ్వేసేవారు.

గట్టు మీద నుంచి ఇంటికి నడిచి వస్తూ ఆవిడ నాతో అన్న మాట ఒకటుంది. "మాట రాని రోజున పక్కవాళ్ళ సంగతి ఎత్తు అమ్మాయ్. నీ సంగతి దాని వెనకాలే వచ్చుద్ది." అప్పట్నుంచి సాయంత్రాలు నా వంతులో ఎవరో ఒకరి పేరు చెప్పి ఊరుకునేదాన్ని. ఎవరి జ్వరమో, ఎవరి పరీక్షలో. నా సంగతి మాత్రం వెనకాల రాలేదు. మా అమ్మ ఊసు ఆయన దగ్గర ఎత్తనే లేదు. అత్తయ్యగారు తొందరపెట్టలేదు.

అత్తయ్యగారిని తలుచుకోవడానికి పెట్టిన ఆదరణ కూటం రోజున చాలామంది మాట్లాడారు. ఆఖర్న, వెనక కుర్చీలోంచి పెదనాన్నగారు లేచారు. "మీ ప్రార్థనలు నాకు తెలీవండి. మా ఇంట్లో మా దేవుడున్నాడు. కానీ కన్నకొడుకు చెరువుకి వీపు పెట్టి మా చెల్లెమ్మ నా చేను కోసం అడిగింది. నా కళ్ళారా చూశాను. ఒక మనిషి మనకేసి తిరిగి అడిగితే ఆ ధైర్యం వేరండి" అని కండువాతో మొహం తుడుచుకుని కూర్చున్నారు. అంతకుముందు మాట్లాడినవాళ్ళ మాటలన్నీ నేను మర్చిపోయాను.

అందరూ భోజనాలకి లేచాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "అయ్యగారూ, ఆవిడ ఆఖరి ప్రార్థనకి ఆమేన్ పడలేదండి" అన్నాను. ఆయన నవ్వలేదు. "అక్కడ పడి ఉంటుందిలేమ్మా" అన్నారు. మంచి మాటే. కానీ ఆవిడ అడిగేది నన్ను కదా.

చుట్టాలు వెళ్ళిపోయిన సాయంత్రం మళ్ళీ మేం ముగ్గురమే కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాం. వరండాలోని కుర్చీ లోపలికి తెచ్చి ఎప్పుడూ ఉండే చోటే వేసింది పాప. ఇంటర్ చదువుతున్నా మాకు పాపే. అదే మొదలుపెట్టింది. "మా నాయనమ్మకి అక్కడ టీ ఇస్తున్నారో లేదో చూడు ప్రభువా, అల్లం వెయ్యాలి" అంది. మా ఆయన నవ్వబోయి ఏడ్చేశారు, ఆయన వంతు అలాగే అయిపోయింది. నేను పెదనాన్నగారి ఆరోగ్యం గురించి రెండు మాటలు అడిగాను. ఇక ముగించే వంతు.

కుర్చీ ఖాళీగా ఉంది. దూరంగా చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత తప్ప ఏమీ లేదు. నాకు ఈ ఇంట్లో నా మొదటి సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు నాకూ ఇలాగే మాట లేదు. అయినా ఆవిడ ఆమేన్ అన్నారు. మరి ఆఖరి ఉదయం ఆవిడ మొదలుపెట్టడం నేను నా చెవులారా విన్నాను కదా. ఏమడిగారో తెలియకపోతేనేం, ఎన్నడు తెలిసి అన్నాను కనుక!

వంటింట్లోంచి అరిచినట్టే, ఇల్లు అదిరేలా "ఆమేన్!" అన్నాను.

పాప ఉలిక్కిపడింది. "దేనికమ్మా?"

"ఏమో. మీ నాయనమ్మ ఏమడిగారో దానికి."

"నా గురించే అయ్యుంటుంది" అన్నారు మా ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

"నా కోపం గురించేమో" అన్నాను నేను. ఆవిడ పోయాక మేం ముగ్గురం కలిసి నవ్వడం అదే మొదలు.

మర్నాడు ఉదయం టీ పట్టుకుని వరండాలో ఆ కుర్చీలో కూర్చున్నాను. "తండ్రీ" అన్నాను. తర్వాత అత్తయ్యగారి గురించి చెప్పాను, ఆవిడ లేని ఇల్లు ఎలా ఉందో చెప్పాను. దాని వెనకాలే మా అమ్మ వచ్చింది. ఆ ఆసుపత్రి వరండా, ఆ రోజు అడిగినవి, ఎందుకివ్వలేదన్నది, అన్నీ వచ్చాయి. కోపంగానే చెప్పాను. లేచిపోలేదు. టీ చల్లారి మీగడ కట్టింది. అంతా అయ్యాక, ఇన్నేళ్ళు నా పక్కన ఒక ఆమేన్ పెట్టి ఉంచినందుకు థాంక్స్ కూడా చెప్పాను. చెప్పి లేవబోయి, చట్టం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

"పాపా, ఆమేన్ అను!" అని కేక వేశాను.

అది పెరట్లో కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటోంది. దేనికో ఏంటో అడక్కుండా, నోటినిండా నురగతోనే, "ఆమేన్" అంది.